లారీ వెనక రాసుకున్న పేరు

ఉత్తరాంధ్రలోని సాలూరు షెడ్లలోకి లారీ ఒంటి మీద నూలుపోగు లేకుండా వస్తుంది. కంపెనీ ఇచ్చేది ఇంజను, చాసీ, చక్రాలు. మిగతా ఒళ్లంతా ఇక్కడ కట్టుకోవాల్సిందే. వడ్రంగి చెక్క కోస్తాడు. వెల్డరు ఇనుప పట్టీలు అతుకుతాడు. రేకు పనివాడు రేకు సాగగొడతాడు. నాలుగు షెడ్ల పక్కనుంచి నడిచి వెళ్తే ఒక్కో సుత్తిది ఒక్కో దరువు. అందరి పనీ అయ్యాక పెయింటరు వస్తాడు. పక్కలకి పువ్వులు, చిలకలు వేస్తాడు. ముందు దేవుడి పేరు రాస్తాడు. అన్నిటికన్నా ఆఖర్న, వెనక తలుపు మీద, యజమాని చెప్పిన పేరు. అది కూతురిది కావచ్చు, కాలం చేసిన తల్లిది కావచ్చు, ఊరి అమ్మవారు శ్యామలాంబది కావచ్చు. అంతవరకు పైసాపైసాకీ బేరమాడిన మనిషి ఆ అక్షరాల దగ్గర నోరెత్తడు. గుణింతం సరిగ్గా పడిందో లేదో వంగి మరీ చూసుకుంటాడు.

మర్నాడు ఆ పేరు సుంకి ఘాట్ ఎక్కుతుంది. పొట్టంగి దాటి, కోరాపుట్ దాటి, రాయపూర్ దాకా పోతుంది. ఆ పేరు గల పిల్ల ఇంకా బడి దాటి ఎరగదు. ఆమె పేరు మాత్రం మూడు రాష్ట్రాల చెక్‌పోస్టులకి తెలుసు.

హిప్‌హాప్ గురించి రాయమంటే నేను సాలూరు లారీ దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఈ పేరే. 1970ల తొలి రోజుల్లో న్యూయార్క్‌లో ఒక కుర్రాడు, గ్రీకు కుటుంబం వాడు, ఊరంతా తిరిగి కాగితాలు అందించే పనిలో ఉండేవాడు. వెళ్లిన చోటల్లా గోడల మీద, రైలు స్టేషన్లలో తన ముద్దుపేరూ తన వీధి నంబరూ కలిపి ‘టాకి 183’ అని రాసేవాడు. 1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ అతని మీద వార్త వేసింది. ఆ తర్వాత వందలమంది పిల్లలు రంగు డబ్బాలు పట్టుకుని భూగర్భ రైళ్ల మీద పడ్డారు. రైలే ఎందుకు? గోడ మీద రాస్తే ఆ వీధివాళ్లే చూస్తారు. రైలు మీద రాస్తే ఊరంతా చూస్తుంది. తన వాడ పేరు ఎరగని డబ్బున్న పేటల గుండా తన పేరు దర్జాగా పోతుంది. హిప్‌హాప్‌కి నాలుగు అంగాలని చెప్పుకుంటారు. పేరు రాయడం, ఒళ్లు విరుచుకుని ఆడడం, రికార్డులు తిప్పడం, మాట విసరడం. మొదటిది ఇదే. సాలూరులో పెయింటరుకి కూలి ఇచ్చి రాయిస్తారు, అక్కడ రాసినవాణ్ని పోలీసులు పట్టుకునేవారు. తేడా చిన్నది కాదు. కానీ ఆకలి ఒకటే. నేనొకణ్ని ఉన్నానని నాలుగు ఊళ్లకి తెలియాలి.

బ్రాంక్స్ వాడ

న్యూయార్క్ ఉత్తరపు కొసన బ్రాంక్స్ అనే పేట ఉంది. దాని నడిబొడ్డున క్రాస్ బ్రాంక్స్ అనే పెద్ద రహదారి వేసి, వేలమంది కాపురాలు లేపేశారు. ఉన్నవాళ్లు వెళ్లిపోయారు. వెళ్లలేని నల్లవాళ్లు, పోర్టోరికో వాళ్లు మిగిలారు. 1970ల నాటికి అక్కడ ఇళ్లు తగలబడడం రోజువారీ సంగతి. ఆ పేటలోనే 1973 ఆగస్టు 11న, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో, సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి బడి తెరిచేనాటికి కొత్తబట్టలకి డబ్బులు కూడతాయని ఒక ఆటపాట పెట్టింది. రికార్డులు వేసింది ఆమె అన్న క్లైవ్. ఊరికి ‘డీజే కూల్ హెర్క్’. జమైకాలో పుట్టి, పన్నెండేళ్లప్పుడు అమెరికా వచ్చినవాడు.

హెర్క్ ఒకటి గమనించాడు. పాట మధ్యలో గొంతు ఆగి, వాయిద్యాలు ఆగి, ఒట్టి డ్రమ్ము మోగే నాలుగు క్షణాల కోసమే ఆడేవాళ్లు కాచుకుని ఉంటున్నారు. ఒకే రికార్డువి రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి, ఒకటి అయ్యేలోగా రెండోది వెనక్కి తిప్పి, ఆ నాలుగు క్షణాల్ని నిమిషాల తరబడి సాగదీశాడు. ఆ దరువు మీద ఆడినవాళ్ల ఆట బ్రేక్ అయింది. ఆ దరువు మీద మాట్లాడినవాళ్ల మాట ర్యాప్ అయింది. వాయిద్యం కొనుక్కునే స్తోమత లేనివాళ్లు రికార్డునే వాయిద్యం చేసుకున్నారు. 1979లో ర్యాప్ మొదటిసారి పెద్దఎత్తున అమ్ముడుపోయింది. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం ‘ది మెసేజ్’తో వాడ బతుకుని ఉన్నదున్నట్టు చెప్పింది. 2017 నాటికి అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువగా వినే సంగీతం ఇదే. 2018లో కెండ్రిక్ లమార్‌కి సంగీతంలో పులిట్జర్ ఇచ్చారు. అంతవరకు ఆ బహుమతి శాస్త్రీయాన్నీ జాజ్‌నీ దాటి బయటికి రాలేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రేక్ ఆట పతకాల పోటీ అయింది. యాభై ఏళ్ల చరిత్రకి ఈ నాలుగు మాటలు చాలు. నాకు కావాల్సింది అది మన దాకా ఏ దారిన వచ్చిందన్నది.

ముందొచ్చింది ఒళ్లు, తర్వాత పెట్టె

పాట కన్నా ముందు ఆట వచ్చింది. 1987లో ‘పసివాడి ప్రాణం’లో చిరంజీవి చేసిన బ్రేక్ డాన్సు ఆంధ్రదేశపు మారుమూల టాకీసుల్లో కూడా ఈలలు వేయించింది. అది బ్రాంక్స్ పిల్లల ఆట అని అప్పుడు ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ పడలేదు. అమ్మవారి పండగలకి కట్టిన స్టేజీల మీద, రికార్డింగ్ డాన్సుల్లో, ఆ మెలికలు ఊరూరా తిరిగాయి. 2009లో ఈటీవీలో ‘ఢీ’ మొదలయ్యాక చిన్న ఊళ్ల పిల్లలు ఫోను చూసి నేర్చుకున్న హిప్‌హాప్‌తో రాష్ట్రం ముందు నిలబడ్డారు. గురువు లేడు, గజ్జె లేదు, కులం అడిగేవాడు లేడు. ఒక పేదింటి కుర్రాడికి తన ఒంటి మీద తనకి ఇంత ధీమా రావడాన్ని నేను తక్కువ మార్పు అనుకోను.

డీజే సంగతి వేరు. బ్రాంక్స్‌లో డీజే అంటే మనిషి. మన ఊళ్లలో డీజే అంటే పెట్టెలు. పెళ్లికి ‘డీజే పెట్టారా’ అని అడుగుతాం. వ్యాను మీద గోడలా పేర్చిన స్పీకర్లు, వెనక జనరేటరు, గుండెల్లో దూరి కొట్టే మోత. విచిత్రం ఏమిటంటే దీని పుట్టుక కూడా అక్కడే ఉంది. జమైకాలో వీధుల్లోకి పెద్ద పెద్ద స్పీకర్లు తెచ్చి ఆటపాటలు పెట్టే అలవాటు చూసి పెరిగాకే హెర్క్ న్యూయార్క్ వచ్చాడు. ఆ పెట్టె ప్రపంచం చుట్టి వచ్చి మన వినాయకుడి ఊరేగింపులో నిలబడింది.

కానీ దాని వెనక మిగిలింది చూడాలి. ఒకప్పుడు ఆ ఊరేగింపుల ముందు డప్పు ఉండేది. తప్పెటగుళ్ల బృందం ఉండేది. రొమ్ము మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో, ఒకడి భుజాల మీద ఒకడెక్కి ఆడే పల్లె మనుషులు ఉండేవారు. పెట్టె అద్దెకి వచ్చాక ఒక్కొక్క ఊరూ వాళ్లని పిలవడం మానేసింది. బ్రాంక్స్‌లో పెట్టె చేతిలో ఏమీ లేనివాడికి గొంతు ఇచ్చింది. మన దగ్గర చేతిలో డప్పు ఉన్నవాడి నోటి దగ్గర కూడు తీసింది. ఒకే వస్తువు రెండు చోట్ల రెండు పనులు చేసింది. ఈ నష్టం నాకు నిజంగా బాధ. డీజే మోతని మెచ్చుకోలేను.

జముకు అనే పాత డ్రమ్ము

ఇక మాట. హిప్‌హాప్‌లో నాకు అన్నిటికన్నా దగ్గరగా తగిలేది ఇదే.

ఉత్తరాంధ్రలో జముకు అనే వాద్యం ఉంది. కుంచంలాంటి గుల్లకి ఒకవైపు తోలు బిగిస్తారు. తోలు నడుమనుంచి నరం లాగి, దాన్ని బిగబట్టి మీటుతారు. నరం బిగించేకొద్దీ, వదిలేకొద్దీ ఆ మోత గుటక మింగినట్టు పైకీ కిందకీ జారుతుంది. ఇవాళ్టి ర్యాప్ పాటల్లో కడుపులో తిప్పే ఆ అడుగు మోతని విన్నవాళ్లకి జముకు వినిపించండి, తేడా చెప్పడానికి కాసేపు ఆలోచిస్తారు. జముకుల కథలో ప్రధాన కథకుడు ఒకడు, వంత ఇద్దరు. కథకుడు పాట కాని, ఒట్టి మాట కాని ఒక పరుగులో కథ చెప్పుకుపోతాడు. వంతలు మధ్యలో అందుకుంటారు, రెట్టిస్తారు, ఎగదోస్తారు, చివరి మాట పట్టుకుని గట్టిగా విసురుతారు. ర్యాప్ స్టేజీ మీద గాయకుడి వెనక నిలబడి సరిగ్గా ఈ పనే చేసే మనిషి ఒకడుంటాడు. వాడికి మన భాషలో పేరు ఏనాటినుంచో ఉంది. వంతపాటగాడు.

లయ మీద నోటితో ఆడుకోవడం ఈ నేలకి కొత్త కాదు. బొబ్బిలి దగ్గర అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు రెండు చేతులతో, రెండు కాళ్లతో, తలతో ఐదు తాళాలు ఒకేసారి నడిపి ‘పంచముఖి పరమేశ్వర’ అనిపించుకున్నారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. మనిషి ఒక్కడే నిలబడి, కథ, మాట, పాట, ఆట, ఎగతాళి, మందలింపు అన్నీ తానే అయి జనాన్ని తెల్లవార్లూ కూర్చోబెట్టే విద్య హరికథ. అలాగే తిరుపతి వెంకటకవులూ కొప్పరపు కవులూ ఒకరి మీద ఒకరు విసురుకున్న పద్యాల గొడవ చదివినవాళ్లకి, ఇద్దరు ర్యాపర్లు పాటల్లో తిట్టుకోవడం వింత అనిపించదు.

కానీ పోలిక ఇక్కడితో ఆపేస్తే అబద్ధం చెప్పినట్టే. జముకుల కథకుడు చెప్పేది అమ్మవారి కథ, రాజు కథ, వీరుడి కథ. ఎక్కువమంది కథకులు అట్టడుగు కులాలవాళ్లు. తమని గుమ్మం ఎక్కనివ్వని ఇళ్ల ముందు నిలబడి, ఆ ఇళ్లవాళ్ల వంశాల గొప్ప చెప్పారు. తమ కథ చెప్పుకోలేదు. జముకు చేతిలో ఉంది, ‘నేను’ అనే మాట మాత్రం నోట్లో లేదు.

ఆ మాటకి దారి వేసింది శ్రీకాకుళ గిరిజన రైతుల పోరాటం. బొడ్డపాడు సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథని తీసుకుని అందులో దేవతల స్థానంలో కూలివాళ్లని, గిరిజన రైతుల్ని కూర్చోబెట్టాడు. 1969 డిసెంబరులో పోలీసు తూటాలకి పోయాడు. తర్వాత పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి నుంచి వంగపండు ప్రసాదరావు వచ్చాడు. సాలూరుకి ఆయన పొరుగూరి మనిషి. 1943లో పుట్టి, 2020 ఆగస్టు 4న కన్నుమూసేదాకా పాడుతూనే ఉన్నాడు. విప్లవ పాటల బృందం జననాట్యమండలిలో తొలితరం వాడు. ఆయన పాటని కాగితం మీద చూస్తే సగమే. ఆయన నోరే జముకు, ఆయన అడుగే గజ్జె. పాటలో ‘ఎల్దాం’ అన్నాడు, ‘వెళ్దాం’ అనలేదు. ఆ ఒక్క అక్షరం విశాఖనుంచి ఆదిలాబాదు దాకా తెలుగువాళ్ల చేత మా ఉత్తరాంధ్ర యాస పాడించింది. పాణిగ్రాహీ వంగపండూ నేర్పింది ‘మనం’. హిప్‌హాప్ దాని పక్కన ‘నేను’ని కూర్చోబెట్టింది. నా వీధి, నా అమ్మ, నా అప్పు, నా పేరు. రెండూ కావాలి.

ఘాట్ పైన ఏం జరిగింది

సాలూరు మీదుగా పోయే 26వ నంబరు జాతీయ రహదారి కోరాపుట్, నవరంగపూర్, కలహండి జిల్లాల గుండా బర్గఢ్ దాకా పోతుంది. మన లారీవాళ్లకి ఆ దారిలో ప్రతి టీకొట్టూ తెలుసు. ఆ దారి మీదే ఇద్దరు ర్యాపర్లు పుట్టుకొచ్చారు.

ఒకరు సుమీత్ సామోస్. కోరాపుట్ జిల్లా దళిత కుటుంబం నుంచి ఢిల్లీ జేఎన్‌యూకి చదువుకి వెళ్లి, కులం మీద ర్యాప్ పాడాడు. 2021లో ఆక్స్‌ఫర్డ్‌లో సీటు వస్తే ఫీజు డబ్బు జనం చందాలు వేసి పంపారు. మరొకరు కలహండికి చెందిన దులేశ్వర్ టాండీ, ‘దులే రాకర్’. డిగ్రీ చదివి, రాయపూర్ హోటళ్లలో పని చేసిన మనిషి. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు కాళ్లీడ్చుకుంటూ ఇళ్లకి నడుస్తున్నప్పుడు, వాళ్ల తరఫున పాలకుల్ని నిలదీస్తూ ఫోనులో పాడి పెట్టాడు. స్టూడియో లేదు, వెనక ఎవరూ లేరు. దేశం విన్నది. హిప్‌హాప్ సమాజాన్ని మార్చిందా అని అడిగేవాళ్లకి నేను న్యూయార్క్ చూపించను. సాలూరు బస్టాండులో కోరాపుట్ బస్సు ఎక్కమంటాను.

తమిళ ర్యాపర్ అరివు కథ ఇంకో పాఠం. 2021 మార్చిలో వచ్చిన ‘ఎంజాయ్ ఎంజామి’ శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసి తిరిగొచ్చిన తన అమ్మమ్మ తరం గురించి అతను రాసి, పాడిన పాట. ప్రపంచమంతా ఆడింది. అదే ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక ముఖచిత్రం మీద ఆ పాటలో తోడు పాడిన గాయని ఉంది, మరో గాయకుడు ఉన్నాడు, అరివు లేడు. దర్శకుడు పా. రంజిత్ బహిరంగంగా నిలదీశాడు. జనం తిరగబడ్డాక అరివు బొమ్మతో ఇంకో ముఖచిత్రం వచ్చింది. పాట ఊరంతా తిరిగినా పేరు వెనక్కి నెట్టేయడం ఎంత సులువో చూడండి.

మా యాసకి చోటెక్కడ

తెలుగులో ర్యాప్ అంటే నా తరానికి 1994 నాటి ‘ప్రేమికుడు’లో పేట ర్యాప్. డబ్బింగు పాటే అయినా పిల్లలందరికీ నోటికి వచ్చేది. తర్వాత చాలాకాలం సినిమా పాట మధ్యలో పదిహేను క్షణాల ఇంగ్లీషు ముక్కగానే ర్యాప్ ఉండిపోయింది. నోయెల్ షాన్, రోల్ రైడా వంటివాళ్లు సొంత వీడియోలతో దాన్ని సినిమా బయటికి తెచ్చారు. రాహుల్ సిప్లిగంజ్ హైదరాబాద్ గల్లీ మాటతో యూట్యూబులో పేరు తెచ్చుకుని, ‘నాటు నాటు’ పాడి 2023లో ఆస్కార్ వేదిక ఎక్కాడు. అమెరికాలో తెలుగు ఇంట పుట్టిన శ్వేత ఎల్లాప్రగడ ‘రాజకుమారి’గా కూచిపూడి జతుల నడకని ఇంగ్లీషు ర్యాప్‌లోకి తీసుకుపోయింది.

ఇందులో హైదరాబాద్ ఉంది, కాలిఫోర్నియా ఉంది. మా ‘ఏటి’, ‘ఎల్తన్నాడు’, ‘గుంటడు’ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాయి. తెలుగు సినిమా ఈ యాసని ఏళ్ల తరబడి నవ్వించే పాత్రలకీ పనివాళ్ల పాత్రలకీ ఇచ్చింది. సాలూరు పిల్ల విజయవాడ కాలేజీ హాస్టల్లో నోరు విప్పడానికి జంకడం ఆ నవ్వు ఫలితమే. 2020లో ‘పలాస 1978’ జానపద కళాకారుల్నే కథానాయకుల్ని చేసి, ఈ యాసకి తలెత్తుకునే చోటిచ్చింది. అలాంటివి పది రావాలి. నోటి మాటకి అచ్చులో చోటు కావాలని గురజాడ, గిడుగు పోరాడింది ఈ ప్రాంతం నుంచే. గిడుగు సవర కొండల్లోకి వెళ్లి వాళ్ల భాష నేర్చుకుని నిఘంటువు కట్టారు. ఇవాళ సాలూరు మన్యంలో, కొఠియా కొండల వైపు, ఒక పిల్లవాడి నోట్లో తెలుగు, ఒడియా, కువి మూడూ ఉంటాయి. బడిలో అది లోపం కింద లెక్క. ర్యాప్‌లో అది ఆస్తి. ప్రాస కోసం మూడు సంచుల్లో వెతుక్కోవచ్చు.

ర్యాప్‌లో తప్పులు లేవని అనను. ఆడవాళ్లని సరుకుగా చూసే పాటలు, తుపాకీ గొప్పలు, గొలుసుల డాంబికం గుట్టలుగా ఉన్నాయి. మన కుర్రాళ్లు ముందు నేర్చేది కూడా ఆ చెత్తే. తల్లిదండ్రులు కసురుకుంటే అందులో న్యాయం ఉంది. అయితే మందు కసరడంలో లేదు. ఊడ్పుల్లో నడుం వంచి, ముందు ఒకామె పాట ఎత్తితే వెనక పదిమంది అందుకుని, గట్టు మీద నిలబడ్డ కామందుని పేరు పెట్టకుండా దులిపేసే ఆడవాళ్లు మన పొలాల్లో ఉన్నారు. ఆ పాట విన్న పిల్లవాడు ఆడదాన్ని సరుకు అనే పాట రాయడానికి సిగ్గుపడతాడు. వినిపించాల్సిన బాధ్యత మనది.

సాలూరు పరాయి సంగీతానికి ఎప్పుడూ తలుపు వేయలేదు. దగ్గర్లోని శివరామపురంలో 1922లో పుట్టిన రాజేశ్వరరావు కలకత్తా వెళ్లి, అక్కడి పోకడలు నేర్చుకుని, తెలుగు లలిత సంగీతానికి కొత్త ఒళ్లు ఇచ్చాడు. తెలుగువాళ్లకి ఆయన ఇంటిపేరుతోనే తెలుసు. సాలూరి. విజయనగరంలో ఘంటసాలకి సంగీతం నేర్పిన పట్రాయని సీతారామశాస్త్రిని కూడా ‘సాలూరు చినగురువుగారు’ అనే పిలిచేవారు. ఊరి పేరు మోసుకుని దేశమంతా తిరిగిన పాట మనది. జముకు పట్టినవాళ్ల పేర్లు మాత్రం మనం రాసుకోలేదు. వాళ్ల పాటలు సినిమాల్లోకి వెళ్లినా, యూట్యూబులో లక్షలమంది చూసినా, కింద ‘జానపదం’ అని ఒక్క ముక్క ఉంటుంది. జానపదం ఎవరి పేరూ కాదు.

కాబట్టి ఈసారి శ్యామలాంబ పండగలోనో, మీ ఊరి గౌరమ్మ సంబరంలోనో జముకు వినపడితే, ఫోను తీసి వీడియో పట్టండి. పెట్టేముందు ఆ పాడినాయన దగ్గరకి వెళ్లి, ‘నీ పేరేటి తాతా, ఏ ఊరు’ అని అడిగి, ఆ పేరు పాట కింద రాయండి. గుణింతం సరిగ్గా పడిందో లేదో ఒకసారి చూసుకోండి.